80 మి.మీ. రిఫ్రాక్టర్‌లో అంచు నక్షత్రాలు సాగుతున్నాయి: ఫ్లాటెనర్ కొనాలా, రెడ్యూసర్ కొనాలా, ఫిల్టర్ కొనాలా?

కృష్ణాతీరం_80

నా దగ్గర 80 మి.మీ. వ్యాసమూ 480 మి.మీ. నాభ్యంతరమూ గల, రంగులను తక్కువగా విడదీసే ఈడీ గాజుతో చేసిన రెండు కటకాల (డబ్లెట్) రిఫ్రాక్టర్ ఉంది. మార్పులేవీ చేయించని ఏపీఎస్-సీ క్యానన్ కెమెరాను టీ-రింగుతో నేరుగా ఫోకసర్‌కు బిగించి ఫొటోలు తీస్తున్నాను. ఫ్రేము మధ్యలో నక్షత్రాలు గుండ్రంగానే వస్తున్నాయి కానీ, అంచుల వైపు పోయేకొద్దీ ఎవరో మధ్య నుంచి బయటికి లాగినట్టు సాగిపోతున్నాయి. దీనికి తోడు కృత్తికల వంటి ప్రకాశవంతమైన తెల్లని నక్షత్రాల చుట్టూ ఊదారంగు అంచు కనిపిస్తోంది. ఒక అమ్మకందారు 0.8 రెడ్యూసర్ (నాభ్యంతరాన్ని 0.8 రెట్లకు తగ్గించే కటకం) కొంటే రెండూ పోతాయన్నారు, ఇంకొకరు ముందు ఫిల్టర్ కొనమన్నారు. ఈ ఏడాది నేను ఒక్క వస్తువే కొనగలను. దేనితో మొదలుపెట్టాలో, ఎందుకో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరా?

ధ్రువతార

మీరు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలు. ఒకే వస్తువు రెండింటినీ పోగొడుతుందన్న మాటను నమ్మవద్దు.

అంచుల్లో నక్షత్రాలు సాగడానికి ప్రధాన కారణం ఫోకస్ తలానికి ఉన్న వంపు. సెన్సర్ చదునుగా ఉంటుంది, కానీ డబ్లెట్ కటకం ఏర్పరిచే ప్రతిబింబం చదునుగా ఉండదు. ఆ వంపు వ్యాసార్ధం స్థూలంగా నాభ్యంతరంలో మూడో వంతు ఉంటుంది కాబట్టి, మీ టెలిస్కోప్‌కు దాన్ని 170 మి.మీ. అనుకుందాం. మీ సెన్సర్ 22.3 × 14.9 మి.మీ., అంటే మధ్య నుంచి మూలకు దాదాపు 13.4 మి.మీ. దూరం. ఆ దూరాన్ని వర్గం చేసి వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే, మధ్యలో ఫోకస్ కుదిరినప్పుడు మూలల్లో అది ఎంత తప్పుతుందో వస్తుంది. మీ విషయంలో అది అర మిల్లీమీటరు పైమాటే. ఎఫ్/6 (నాభ్యంతరం వ్యాసానికి ఆరు రెట్లు) వద్ద నక్షత్రం చుక్కగా నిలిచే ఫోకస్ మందం సుమారు 0.1 మి.మీ. మాత్రమే. అంటే మూలలు ఐదు రెట్లు బయటికి పోతున్నాయి. దీనికి ఆస్టిగ్మాటిజం కూడా తోడై, మూలల్లో నక్షత్రం ఉబ్బడంతో ఆగకుండా ఒక దిక్కుకు సాగుతుంది. వంపునూ ఆస్టిగ్మాటిజాన్నీ సరిచేసే, వెనక బిగించే కటకమే ఫీల్డ్ ఫ్లాటెనర్.

ఊదారంగు అంచు వర్ణ విపథనం వల్ల, అంటే రంగులన్నీ ఒకే చోట ఫోకస్ కాకపోవడం వల్ల, వస్తుంది. అది ముందున్న కటకంలోనే పుడుతుంది కాబట్టి, వెనక బిగించే మామూలు ఫ్లాటెనర్ గానీ రెడ్యూసర్ గానీ దాన్ని తీసివేయలేవు.

గోదావరి_గట్టు

అంచులను కత్తిరించి వాడుకుంటే ఏమీ కొనాల్సిన పని లేదు కదా? నేను చాలాకాలంగా అదే చేస్తున్నాను.

ధ్రువతార

గోదావరి_గట్టు గారూ, చిన్న వస్తువులకు మీ మాట నిజమే. వంపు వల్ల వచ్చే తప్పు దూరపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, సగం దూరానికి కత్తిరిస్తే తప్పు నాలుగో వంతుకు, అంటే 0.13 మి.మీ.కి తగ్గుతుంది. అది దాదాపు సరిపోతుంది. కానీ ఫ్రేము వైశాల్యంలో మిగిలేది కూడా నాలుగో వంతే. ఉంగరపు నీహారికకు అది చాలా ఎక్కువ, దేవయాని గెలాక్సీకి చాలా తక్కువ.

నల్లమల_చీకటి

ఫ్లాటెనర్ అవసరమని ఒప్పుకుంటాను, కానీ నాభ్యంతరాన్ని మార్చని సాదా ఫ్లాటెనర్ కన్నా 0.8 రెడ్యూసర్-ఫ్లాటెనర్ కొనడమే తెలివైన పని అని నా గట్టి అభిప్రాయం. 480 మి.మీ. కాస్తా 384 మి.మీ. అవుతుంది, ఎఫ్/6 ఎఫ్/4.8 అవుతుంది. ఫ్రేము వెడల్పు సుమారు 2.7 డిగ్రీల నుంచి 3.3 డిగ్రీలకు పెరుగుతుంది. దేవయాని గెలాక్సీ పొడవు దాదాపు 3 డిగ్రీలు. అది ఒక ఫ్రేములో పడుతుందా, తల తోక తెగుతుందా అన్నది ఈ తేడా మీదే ఆధారపడి ఉంది. పైగా ఎక్స్‌పోజర్ వేగం 1.56 రెట్లు అవుతుంది. శ్రీశైలం అడవుల వైపు చీకటి ఆకాశం కోసం ఒక్క రాత్రికి వెళ్ళి వచ్చే నాలాంటివారికి ఆ వేగం ఎంతో విలువైనది. వానాకాలం పోను, వెన్నెల రాత్రులు పోను, మంచు తెరలు పోను మనకు మిగిలే రాత్రులు ఎన్ని?

ఓరుగల్లు_వేగుచుక్క

వేగం సంగతిలో చిన్న సవరణ. కటకం వ్యాసం 80 మి.మీ. దగ్గరే ఉంది కాబట్టి, గెలాక్సీ నుంచి టెలిస్కోప్‌లోకి వచ్చే మొత్తం కాంతి పిసరంత కూడా పెరగదు. అదే కాంతి తక్కువ పిక్సెళ్ళ మీద పడుతుంది కనుక ఒక్కొక్క పిక్సెల్‌కు 1.56 రెట్లు అందుతుంది, దానికి బదులుగా సూక్ష్మ వివరం తగ్గుతుంది. 4.3 మైక్రాన్ల పిక్సెళ్ళున్న కెమెరాలో ఒక్కో పిక్సెల్ 1.85 ఆర్క్‌సెకన్ల నుంచి 2.3కు మారుతుంది. పెద్ద నీహారికలకు అది లాభం, చిన్న గెలాక్సీలకు నష్టం.

నల్లమల_చీకటి

ఒప్పుకుంటున్నాను. నేను చెప్పింది పెద్ద వస్తువుల గురించే. 80 మి.మీ. టెలిస్కోప్ కొన్నవారు ఎక్కువగా తీసేవి అవే కదా.

టెక్సాస్_రాత్రులు

నల్లమల_చీకటి గారి వాదనలో ఒక విషయం మిగిలిపోయింది. ఎఫ్/4.8 వద్ద ఫోకస్ మందం దాదాపు 0.06 మి.మీ.కు పడిపోతుంది. అంటే ఫోకసర్ ఏ కొంచెం వాలినా, సెన్సర్ ఏ కొంచెం ఏటవాలుగా ఉన్నా మూలల్లో వెంటనే బయటపడుతుంది. ఇక్కడ మా స్నేహితుడొకరికి నేను రెడ్యూసర్ బిగించి ఇస్తే, అంతకుముందు ఫ్లాటెనర్‌తో బాగానే ఉన్న టెలిస్కోప్‌లో ఒక మూల చెడింది. రెడ్యూసర్‌ను నిందించవలసిన పని లేదు, కెమెరా బరువుకు ఫోకసర్ గొట్టం కిందికి దిగుతోంది. అందువల్ల కృష్ణాతీరం_80 గారు ఏది కొన్నా, కొనకముందే ఒక పరీక్ష చేయాలి. నక్షత్రాలు నిండుగా ఉన్న చోట, నడినెత్తికి దగ్గరలో ఒక ఫొటో తీయండి. తరువాత కెమెరాను మాత్రమే 180 డిగ్రీలు తిప్పి, మళ్ళీ ఫోకస్ చేసి, ఇంకొకటి తీయండి. ఫొటోలో ఎక్కువ చెడిన మూల రెండింటిలోనూ అదే అయితే వాలు కెమెరాలోనో దాని రింగులోనో ఉంది. ఆ మూల ఎదురు వైపుకు మారితే వాలు ఫోకసర్‌లో గానీ కటకంలో గానీ ఉంది. నాలుగు మూలలూ సమానంగా చెడితే అది వంపు, దానికి మందు ఫ్లాటెనరే.

సాగరతీర_విశాఖ

ఊదారంగు గురించి ఎవరూ మాట్లాడడం లేదు. నాకు విశాఖలో ప్రతి ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ వెలుగు వలయం వస్తోంది. అదీ వర్ణ విపథనమేనా?

కటకశాల

ఆ వలయం ఏ రంగులో ఉందో, ఏ నక్షత్రాలకు వస్తోందో చూసి తేల్చుకోవాలి. ఎర్రని జ్యేష్ఠకూ తెల్లని అభిజిత్తుకూ ఒకే రకంగా, రంగు లేని పొగలాంటి వలయం వస్తే అది కటకం మీద పట్టిన తేమ, లేకపోతే పలుచని మేఘం. తీరప్రాంతంలో అర్ధరాత్రి దాటాక ఇది తప్పదు. డ్యూ షీల్డ్ పొడవు పెంచి, కటకం చుట్టూ సన్నని హీటర్ పట్టీ కట్టండి. ఆప్టికల్ పరికరం కాకపోయినా మన వాతావరణంలో రిఫ్రాక్టర్‌కు ఇంతకన్నా ఉపయోగపడే పట్టీ లేదు. అలా కాకుండా వేడి నక్షత్రాలకు మాత్రమే నీలి, ఊదా రంగుల్లో వస్తే అది వర్ణ విపథనం.

ఆక్రోమాట్‌లో క్రౌన్, ఫ్లింట్ అనే రెండు గాజులతో 656 నానోమీటర్ల ఎరుపునూ 486 నానోమీటర్ల నీలాన్నీ ఒకే చోటికి తెస్తారు. ఆ నీలానికి కింద, 436 నానోమీటర్ల ప్రాంతంలోని ఊదా కాంతి మాత్రం వేరే చోట ఫోకస్ అవుతుంది. ఈడీ గాజు ఈ తేడాను బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తుడిచివేయదు. ఎఫ్‌పీఎల్-51 అనే ఈడీ గాజు అబ్బే సంఖ్య (ఇది ఎంత ఎక్కువైతే గాజు రంగులను అంత తక్కువగా విడదీస్తుంది) 81.6, ఎఫ్‌పీఎల్-53ది 94.9. రెండో రకంలో ఊదా అంచు సాధారణంగా తక్కువగా ఉంటుంది, అయితే జతగా వాడిన గాజు ఏమిటన్నది కూడా అంతే ముఖ్యం. మన కంటికి 420 నానోమీటర్ల కాంతి అంతగా కనిపించదు కానీ సెన్సర్ దాన్ని శ్రద్ధగా కూడబెడుతుంది. అందుకే కంటితో చూసినప్పుడు శుభ్రంగా ఉన్న టెలిస్కోప్ ఫొటోలో ఊదారంగు చూపిస్తుంది.

కృష్ణాతీరం_80

అయితే యూవీ-ఐఆర్ కట్ (అతినీలలోహిత, పరారుణ కాంతిని ఆపే) ఫిల్టర్ పెడితే పోతుందా?

కటకశాల

మీ కెమెరాకు మార్పులు చేయించలేదు కాబట్టి దాని లోపల అలాంటి ఫిల్టర్ ఇప్పటికే ఉంది. మామూలు యూవీ-ఐఆర్ కట్ ఇంకొకటి పెడితే పెద్దగా తేడా రాదు. ఫిల్టర్ తీసివేయించిన కెమెరాకూ, సెన్సర్ ముందు సాదా గాజు మాత్రమే ఉన్న ఆస్ట్రో కెమెరాకూ అది తప్పనిసరి. మీకు కావలసింది ఊదాను ఇంకొంచెం లోపలికి, దాదాపు 420 నానోమీటర్ల దగ్గర కోసే రకం. ఆస్ట్రోనమిక్ సంస్థ ఎల్-1, ఎల్-2, ఎల్-3 అని మూడు తయారు చేస్తుంది, వాటిలో ఎల్-3 అన్నిటికన్నా ఇరుకైనది. బాడెర్ వారి ఫ్రింజ్ కిల్లర్, సెమీ-ఆపో వంటివి ఆక్రోమాట్‌ల కోసం చేసినవి. అవి పని చేస్తాయి కానీ ఫొటోకు పసుపు ఛాయ తెస్తాయి. ఈడీ డబ్లెట్‌కు అంత కోత అక్కరలేదు.

ఏదైనా కొనేముందు ఒక ఫొటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్ళుగా విడదీసి నక్షత్రాల పరిమాణం పోల్చండి. దీనికి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. నీలం ఛానెల్లో మాత్రమే నక్షత్రాలు లావుగా ఉంటే నేను చెప్పింది మీకు వర్తిస్తుంది.

ఆరుద్ర_102

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నాది ఈడీ కూడా కాదు. 102 మి.మీ., 500 మి.మీ. నాభ్యంతరం గల ఆక్రోమాట్. దానితో ఫొటోలు తీయడం మానేసి వేరే టెలిస్కోప్ కొనమని అందరూ అంటున్నారు. నిజంగా వేరే దారి లేదా?

ఓరుగల్లు_వేగుచుక్క

ఉంది, మానేయవద్దు. మొదటి దారి ఖర్చు లేనిది. నల్ల అట్టలో 70 మి.మీ. గుండ్రని రంధ్రం కోసి కటకం ముందు పెట్టండి. టెలిస్కోప్ ఎఫ్/7 అవుతుంది, ఊదా వలయం స్పష్టంగా తగ్గుతుంది. కాంతి సగం కన్నా కొంచెం తక్కువకు పడుతుంది, అది చెల్లించవలసిన ధర.

రెండో దారి నాకు ఎంతో ఇష్టమైనది. మోనోక్రోమ్ కెమెరా ముందు హైడ్రోజన్-ఆల్ఫా నారోబ్యాండ్ ఫిల్టర్ పెడితే మీ టెలిస్కోప్‌లోకి 656.3 నానోమీటర్ల చుట్టూ కొద్దిపాటి కాంతి మాత్రమే వస్తుంది. ఒకే రంగు ఉన్నప్పుడు రంగుల మధ్య ఫోకస్ తేడా అన్న సమస్యే ఉండదు. ఆక్సిజన్ ఫిల్టర్‌కు, అంటే 500.7 నానోమీటర్లకు, మార్చినప్పుడు మళ్ళీ ఫోకస్ చేయాలి, అంతే. నేను ఇలాగే ఒక ఆక్రోమాట్‌తో రోజెట్ నీహారికను తీశాను. చూసినవారెవరూ అది చవక టెలిస్కోప్ అని పోల్చుకోలేదు. గెలాక్సీలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటి కాంతి అన్ని రంగుల్లోనూ పరచుకుని ఉంటుంది.

కటకశాల

దీనికి ఒక చేర్పు. ఒకే రంగులో కూడా గోళీయ విపథనం (కటకం మధ్య నుంచీ అంచు నుంచీ వచ్చే కాంతి వేర్వేరు చోట్ల ఫోకస్ కావడం) ఉంటుంది, అది ఒక్కో రంగుకు ఒక్కోలా ఉంటుంది. చవక ఆక్రోమాట్‌లు ఆకుపచ్చకు సరిచేసి ఉంటాయి కనుక ఎరుపులో నక్షత్రాలు మీరు ఆశించినంత బిగుతుగా రాకపోవచ్చు. అయినా ఓరుగల్లు_వేగుచుక్క గారి సలహా సరైనదే.

పాతపలక

ఈ రెండు దారులూ నూరేళ్ళు దాటిన పాతవే కాబట్టి ఆరుద్ర_102 గారు ధైర్యంగా ఉండవచ్చు. పెద్ద రిఫ్రాక్టర్‌లను కంటికి అనువుగా పసుపు-ఆకుపచ్చకు సరిచేసేవారు, కానీ నాటి ఫొటో పలకలు నీలానికీ ఊదాకూ స్పందించేవి. 1888లో మొదలైన లిక్ వేధశాల 36 అంగుళాల రిఫ్రాక్టర్‌కు, ఫొటోల కోసం ముందు భాగంలో అదనంగా బిగించడానికి 33 అంగుళాల సవరణ కటకాన్ని చేయించారు. యెర్కీస్ వేధశాల 40 అంగుళాల రిఫ్రాక్టర్‌తో 1900 ప్రాంతంలో జార్జ్ రిచీ ఇంకో దారి పట్టారు. పసుపు ఫిల్టర్ పెట్టి, పసుపు-ఆకుపచ్చలకు స్పందించే పలకలు వాడి, చంద్రుడి అద్భుతమైన ఫొటోలు తీశారు. ఇవాళ మనం కొనే ఊదా కోత ఫిల్టర్ చేసే పని అదే.

1887లో పారిస్‌లో నిర్ణయించిన ఆకాశ పటం పనికి మాత్రం నీలానికే సరిచేసిన ప్రత్యేక ఆస్ట్రోగ్రాఫ్‌లను (ఫొటో టెలిస్కోప్‌లను) వాడారు. అందులో −17 నుంచి −23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. మన నేల మీద రిఫ్రాక్టర్‌తో ఆకాశాన్ని ఫొటో తీయడం అంత పాత పని.

నల్లమల_చీకటి

పాతపలక గారూ, నిజామియా సంగతి చదివి చాలా సంతోషం కలిగింది. ఆ పట్టీలో తీసిన ప్రతి పలకా ఎంత ఓపిక కోరి ఉంటుందో మనకే తెలుస్తుంది.

సాగరతీర_విశాఖ

హీటర్ పట్టీ కట్టాక పొగ వలయం పోయింది, కటకశాల గారికి కృతజ్ఞతలు. ఇంకో చిన్న ప్రశ్న. గ్రహాల ఫొటోలకు వాతావరణ వర్ణ విక్షేపణను సరిచేసే ఏడీసీ కూడా కొనాలా?

ధ్రువతార

ముందు మంచి బార్లో (ప్రతిబింబాన్ని పెద్దది చేసే కటకం) కొనండి. గ్రహాలు నడిచే దారి అయిన క్రాంతివృత్తం మన నడినెత్తికి దగ్గరగా పోతుంది. ఆంధ్ర, తెలంగాణ అక్షాంశాల్లో గ్రహం మధ్యాహ్నరేఖను దాటేటప్పుడు దాని ఎత్తు సుమారు 45 డిగ్రీలకు తగ్గదు. గ్రహాలు దిగంతానికి దగ్గరగా కనిపించే ఉత్తర ఐరోపా వారికి ఏడీసీ ఎంత అవసరమో మనకు అంత కాదు. గ్రహం ఎత్తులో ఉన్న వేళ చూసుకుని తీస్తే చాలు.

కృష్ణాతీరం_80

టెక్సాస్_రాత్రులు గారు చెప్పినట్టు కెమెరాను 180 డిగ్రీలు తిప్పి చూశాను. రెండు ఫొటోల్లోనూ నాలుగు మూలలూ ఒకే రకంగా సాగాయి, ఏ ఒక్క మూలా ప్రత్యేకంగా చెడలేదు. ఛానెళ్ళను విడదీస్తే ఎరుపు, ఆకుపచ్చల్లో నక్షత్రాలు దాదాపు సమానంగా ఉన్నాయి, నీలంలో కొంచెం లావుగా ఉన్నాయి. దీన్నిబట్టి ముందు వంపును సరిచేయాలని అర్థమైంది. నాకు గెలాక్సీల మీద ఆసక్తి ఎక్కువ కాబట్టి సాదా ఫ్లాటెనర్ వైపే మొగ్గుతున్నాను. నల్లమల_చీకటి గారు ఏమంటారు?

నల్లమల_చీకటి

గెలాక్సీలే ముఖ్యమైతే మీ నిర్ణయం సరైనది. నీహారికల మీదికి మనసు పోయిన రోజున రెడ్యూసర్ గురించి మళ్ళీ మాట్లాడుకుందాం. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. మీ టెలిస్కోప్ నాభ్యంతరానికీ ఎఫ్ సంఖ్యకూ తగినదని తయారీదారు రాసిన ఫ్లాటెనర్‌నే కొనండి. వేరే నాభ్యంతరానికి చేసినది బిగుసుకుంటుంది కానీ, వంపును తక్కువగానో ఎక్కువగానో సరిచేస్తుంది.

టెక్సాస్_రాత్రులు

ఫ్లాటెనర్ నుంచి సెన్సర్‌కు ఉండవలసిన దూరం అసలు పరీక్ష. చాలావాటికి అది 55 మి.మీ. క్యానన్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో మౌంట్ నుంచి సెన్సర్‌కు 44 మి.మీ., టీ-రింగు మందం 11 మి.మీ. కాబట్టి మీకు లెక్క దానంతట అదే కుదురుతుంది. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో 46.5, 8.5 కలిపి అదే 55 వస్తుంది. కూల్డ్ ఆస్ట్రో కెమెరాకు మారినప్పుడే స్పేసర్లు (దూరం పెంచే గొట్టాలు) కావాలి. లోపల 17.5 మి.మీ. లోతున్న కెమెరాకు 21, 16.5 మి.మీ. గొట్టాలు కలిపితే 55 అవుతుంది.

మరలు కూడా చూసి కొనండి. టీ2 మర 42 మి.మీ. వ్యాసంలో 0.75 మి.మీ. అంతరంతో ఉంటుంది. పాత పెంటాక్స్ లెన్సుల ఎం42 మరకు అదే వ్యాసం, కానీ అంతరం 1 మి.మీ. పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండు చుట్లు తిరిగి బిగుసుకున్నాక బలవంతం చేస్తే మర చెడిపోతుంది. వీలైతే 48 మి.మీ. మర ఉన్న టీ-రింగు తీసుకోండి, మూలల్లో నీడ తక్కువ పడుతుంది.

కృష్ణాతీరం_80

55 మి.మీ. పెట్టాక కూడా మూలలు పూర్తిగా కుదరకపోతే దూరం పెంచాలా, తగ్గించాలా?

ధ్రువతార

ఫొటోయే చెబుతుంది. చాలా ఫ్లాటెనర్లలో మూలల నక్షత్రాలు ఇప్పటిలాగే మధ్య నుంచి బయటికి సాగితే సెన్సర్ మరీ దగ్గరగా ఉంది, దూరం పెంచాలి. మధ్యబిందువు చుట్టూ గీసిన వృత్తం వెంట వంగినట్టు కనిపిస్తే దూరం ఎక్కువైంది, తగ్గించాలి. కొన్ని నమూనాల్లో ఇది తిరగబడుతుంది కనుక ఒక అడుగు వేసి ఫలితం మెరుగైందో లేదో చూడండి. అర మిల్లీమీటరు రింగులతో మార్చండి, మార్చిన ప్రతిసారీ బాటినోవ్ మాస్కుతో (ఫోకస్ సరిచూసేందుకు టెలిస్కోప్ ముందు పెట్టే చీలికల పలక) మళ్ళీ ఫోకస్ చేయండి. ఫోకస్ చేయకుండా పోల్చిన ఫొటోలు దేనికీ పనికిరావు.

కృష్ణాతీరం_80

తరువాత ఎప్పుడైనా ఎల్-3 కొంటే దాన్ని ఎక్కడ బిగించాలి? అది ఈ 55ను మారుస్తుందా?

కటకశాల

ఫ్లాటెనర్‌కూ కెమెరాకూ మధ్య పెడితే మారుస్తుంది. గాజు తన మందంలో మూడో వంతు మేర ఫోకస్‌ను వెనక్కి జరుపుతుంది, కాబట్టి 2 మి.మీ. ఫిల్టర్‌కు 55 బదులు 55.7 మి.మీ. కావాలి. చాలా ఫ్లాటెనర్ల ముందు వైపు, అంటే ఆకాశం వైపు, 2 అంగుళాల ఫిల్టర్ మర ఉంటుంది. అక్కడ బిగిస్తే ఫోకసర్‌ను కొద్దిగా జరపడం తప్ప దూరం లెక్క మారదు. మీ కెమెరాకు ఆ చోటే అనుకూలం. ఫిల్టర్ పెట్టిన తరువాత ఫ్లాట్ ఫ్రేములు (దుమ్ము మచ్చలనూ మూలల నీడనూ సరిచేయడానికి సమానమైన వెలుగులో తీసే ఫొటోలు) మాత్రం కొత్తగా తీసుకోండి, పాతవాటిలో ఈ ఫిల్టర్ మీది దుమ్ము ఉండదు.